'మెల్లగా అన్నా' అనే మాట వినబడే జిమ్‌లోనే పిల్లల్ని చేర్చండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులొస్తే చాలు, విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో బాక్సింగ్, కిక్ బాక్సింగ్, జూడో, కుస్తీ నేర్పుతామంటూ ఫ్లెక్సీలు లేస్తాయి. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు అడిగేవి ముఖ్యంగా రెండు ప్రశ్నలు. 'మా గుంటడు రౌడీ అయిపోడు కదా మాస్టారూ?' అన్నది ఒకటి, 'మెడల్ ఎన్నాళ్ళకొస్తుంది?' అన్నది రెండోది. వీటికి నచ్చిన జవాబు చెప్పి ఎవరైనా ఫీజు కట్టించుకోగలరు. చేర్చేముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. నేర్పే పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి వాటిని వివరంగా రాస్తున్నాం. ఇందులో కొన్ని మా వృత్తివాళ్ళకే రుచించకపోవచ్చు.

దేహబలం మన గడ్డకి కొత్తేమీ కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి పేరే శ్రీకాకుళం స్టేడియానికి పెట్టుకున్నాం. 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం అందుకున్న మత్స సంతోషిది నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ. అయితే ఇనుము ఎత్తే సాధనకీ మనిషితో తలపడే సాధనకీ ఒక తేడా ఉంది. బార్‌ తప్పుగా ఎత్తితే నష్టం ఎత్తినవాడికే. పంచ్, పట్టు, పడగొట్టడం నేర్చుకోవాలంటే ఎదుట ఇంకొకడు తన ఒళ్ళు అరువివ్వాలి. అరువిచ్చిన ఒళ్ళు దెబ్బతింటే మర్నాడు వాడు రాడు, వాడు రాకపోతే వీడికి సాధన లేదు. జిమ్‌లో కుర్రాళ్ళ మధ్య కలిసే స్నేహం, పెరిగే ఓర్పు అన్నీ ఈ లెక్కలోంచే వస్తాయి. ఈ లెక్క తెలియని జిమ్‌లో ఎన్ని కప్పులు అద్దాల బీరువాలో ఉన్నా పిల్లవాడు నేర్చుకునేది తక్కువ.

మొదటిరోజు మీ పిల్లవాడికి చేతికట్టు ఎవరు కట్టారో చూడండి. నాలుగున్నర మీటర్ల గుడ్డపట్టీ అది. కొసనున్న ఉంగరాన్ని బొటనవేలికి తగిలించి, చేతి వెనక వైపు నుంచి దించి మణికట్టుకు మూడు చుట్లు, పిడికిలి కణుపుల మీద మూడు చుట్లు వేస్తారు. ఆ తర్వాత వేళ్ళ సందుల్లోంచి ఒక్కోసారి, బొటనవేలికి ఒకసారి తిప్పి, మిగిలిందంతా మళ్ళీ మణికట్టుకే చుడతారు. చుడుతున్నంతసేపూ వేళ్ళు విప్పి బాగా ఎడంగా చాపి ఉంచాలి. దగ్గరగా పెట్టి చుడితే పిడికిలి బిగించగానే రక్తం ఆడక వేలికొసలు తిమ్మిరెక్కుతాయి. మణికట్టు దగ్గర వదులైతే, కొట్టడానికి వేలాడదీసిన బ్యాగు తగిలినప్పుడల్లా చెయ్యి లోపలికి మడతపడుతుంది. దెబ్బ చూపుడువేలు, మధ్యవేలు కణుపులతో పడాలి. కోపంలో చెయ్యి గిరగిరా తిప్పి కొట్టేవాడికి అది చిటికెనవేలి వైపు పడి, ఆ వేలి వెనక ఎముక విరుగుతుంది. వాపే కదా అని ఎక్స్‌రే తీయించకుండా కట్టు కట్టించేస్తే ఆ కణుపు శాశ్వతంగా లోపలికి దిగిపోవచ్చు.

కట్టు ఎవరికి వారే కట్టుకోవచ్చు, కష్టమేం కాదు. అయినా మొదటి నెలంతా కొత్తవాడికి పాతవాడే కట్టే పద్ధతి పెట్టాలి. రెండు చేతులకీ కలిపి ఐదు నిమిషాలు పడుతుంది. ఎదురెదురుగా కూర్చుని ఒకడి చెయ్యి ఇంకొకడి చేతిలో ఉన్న ఆ ఐదు నిమిషాల్లోనే ఏ ఊరు, ఏ కాలేజీ, బస్సు ఎన్నింటికి అన్న మాటలన్నీ అయిపోతాయి. కొత్తవాళ్ళు మొదటి వారాల్లోనే మానేస్తే 'ఒళ్ళు వంచలేకపోయాడు' అనేస్తాం గానీ, వచ్చిన రోజు నుంచి వాణ్ణి పేరు పెట్టి పిలిచినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని అడిగేవాళ్ళు తక్కువ. మొదటిరోజే వాంతయ్యేదాకా పరుగెత్తించడం గొప్ప అనుకునే మాస్టర్లు ఇంకా ఉన్నారు. దానివల్ల తేలేది ఎవరు ముందే పరుగెత్తి ఉన్నారో అన్నది మాత్రమే.

బ్యాగు సంగతి రెండు ముక్కల్లో చెబుతాం. గోనెసంచిలో ఇసక పోసి వేలాడదీసే అలవాటు పల్లెల్లో ఉంది. నాలుగు రోజులకి ఇసక కిందికి దిగి, పైన మెత్తగా, కింద బండలా తయారవుతుంది. చిరిగిన బట్టలు కూరి, బరువు చాలకపోతే రెండేసి కిలోల ఇసక పొట్లాలు నడిమధ్యలో, చుట్టూ గుడ్డ వచ్చేలా పెట్టాలి. కొట్టేవాడి బరువులో సగం ఉంటే చాలు. 60 కిలోల కుర్రాడికి 30 కిలోల బ్యాగు.

అసలు పరీక్ష స్పారింగ్‌లో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధనలో ఉంది. ఇద్దరు కుర్రాళ్ళని మూడు నిమిషాల రౌండుకి దింపి, 'ముప్పై శాతం బలంతోనే' అని చెప్పి వదిలేయండి. మొదటి నిమిషం ముప్పయ్యే. రెండో నిమిషానికి అది యాభై అవుతుంది. మూడో నిమిషంలో గ్లోవ్స్ చప్పుడు మారుతుంది, ముఖాలు మారతాయి. ఎవర్నడిగినా 'వాడే ముందు గట్టిగా వేశాడు సార్' అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. తాను వేసిన దెబ్బ బలం మనిషికి తక్కువగా తెలుస్తుంది, తగిలిన దెబ్బ బలం మాత్రం పూర్తిగా తెలుస్తుంది. 2003లో లండన్ పరిశోధకులు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, వంతులవారీగా వేలిమీద ఒత్తించి, 'నీకు ఎంత తగిలిందో అంతే తిరిగి ఒత్తు' అన్నారు. పరికరంతో కొలిస్తే వంతు వంతుకీ ఒత్తిడి పెరుగుతూనే పోయింది. వేలిమీద ఒత్తుకుంటేనే అలా ఉంటే ముక్కుమీద దెబ్బ సంగతి చెప్పాలా!

అందుకే 'కోపం అదుపులో పెట్టుకో' అని ఉపన్యాసం ఇస్తే పని జరగదు. పద్ధతి మార్చాలి. పోటీల్లో చిన్న బరువులవారికి 10 ఔన్సులు, పెద్ద బరువులవారికి 12 ఔన్సుల గ్లోవ్స్ వాడతారు. స్పారింగ్‌కి 16 ఔన్సులవి, అంటే ఒక్కోటి 450 గ్రాముల పైచిలుకువి, తొడిగించాలి. మొదటి నెల జాబ్, అంటే ఎడమచెయ్యి నేరుగా చాచి వేసే పంచ్ తప్ప ఇంకేమీ వద్దు. ఒక రౌండు ఒకడు కొట్టడం, రెండోవాడు కాచుకోవడం, తర్వాతి రౌండు తారుమారు. రౌండు ముగిసి గంట మోగినప్పుడల్లా జోడీ మారాలి, అప్పుడు ఒకరి మీద ఒకరికి పగ పేరుకోదు. మాస్టరు చేతికందే దూరంలో నిలబడి కళ్ళతోపాటు చెవులు కూడా పెట్టాలి. చప్పుడు మారగానే రౌండు ఆపేయాలి, గంట కొట్టేదాకా ఆగకూడదు. ఆ సమయంలో మాస్టరు ఫోన్ చూసుకుంటున్నాడంటే పిల్లణ్ణి వెంటనే ఇంటికి తీసుకుపోండి.

ఇప్పుడు శీర్షికలో పెట్టిన మాట. పదహారేళ్ళ కుర్రాడికి జాబ్ రెండు వారాల్లో వస్తుంది. 'మెల్లగా అన్నా, గట్టిగా తగులుతోంది' అని నోరు విప్పి చెప్పడం రావడానికి నెలలు పడుతుంది. పరువు తక్కువనుకుంటాడు, పళ్ళు బిగించి భరిస్తాడు, నాలుగో రోజు నుంచి కనబడడు. కాబట్టి ఈ మాట కూడా పంచ్‌లా సాధన చేయించాలి. వారంలో ఒక రౌండు ఇద్దరిలో చిన్నవాడు కనీసం మూడుసార్లు 'మెల్లగా' అనాలని, అన్నప్పుడల్లా పెద్దవాడు బలం సగానికి తగ్గించాలని నియమం పెట్టండి. మొదట నవ్వుతారు. నెల తిరిగేసరికి నిజంగా అవసరమైనప్పుడు ఆ మాట తడుముకోకుండా బయటికొస్తుంది. పెద్దవాడికీ ఇందులో చదువుంది. ఎదుటివాడి ఊపిరి, కళ్ళు చూసి, వాడు అడక్కముందే తగ్గించగలిగినవాడే రేపు నేర్పడానికి పనికొస్తాడు. జూడో పట్టుల్లో ఇదే పని 'ట్యాప్' చేస్తుంది. పట్టు బిగిసినప్పుడు ఎదుటివాడి ఒంటిమీద రెండుసార్లు గట్టిగా తట్టాలి. చేతులు ఇరుక్కుపోతే కాలితో మ్యాట్ మీద కొట్టాలి, లేదా నోటితో అరవాలి. తట్టగానే పట్టు వదలాలి, 'ఇంకో సెకను' అనకూడదు. మెడ పట్టు సరిగా పడితే సుమారు పది సెకన్లలో స్పృహ తప్పుతుంది. అందుకే చిన్నపిల్లలకి మెడ పట్టులు అసలు నేర్పకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

జిమ్ములలో ఒక పాడు ఆచారం ఉంది. ఎవడైనా పొగరుగా వస్తే, వాడికి 'బుద్ధి చెప్పమని' అందరికంటే గట్టివాణ్ణి దింపి చితకబాదిస్తారు. చూసేవాళ్ళకి సరదాగానే ఉంటుంది. ఆ రోజు వాడు నేర్చుకునేది ఒకటే, బలమున్నవాడు కొట్టొచ్చని. తనకంటే కొత్తవాడు దొరికిన రోజున వాడూ అదే చేస్తాడు. దానికి బదులు, బాగా కాచుకోవడం వచ్చిన సీనియర్ని దింపి, వాణ్ణి మూడు రౌండ్లు కొట్టనివ్వండి, సీనియర్ ఒక్కటీ తిరిగి వేయకూడదు. వేసిన పంచ్‌లన్నీ గాలికిపోయి, ఆయాసంతో చేతులు దిగిపోయినప్పుడు పొగరు దానంతటదే దిగుతుంది. దెబ్బ తగలకుండా ఇలా ఎలా తప్పించుకున్నావని వాడే అడుగుతాడు.

చోటు లెక్క కూడా వేసుకోండి. ఒక జోడీ పడి లేవడానికి సుమారు మూడు మీటర్లకి మూడు మీటర్లు కావాలి. ఆరు మీటర్లకి ఆరు మీటర్ల మ్యాట్ మీద ఒకేసారి నాలుగు జోడీలకి మించి పట్టవు. ఇరవై మందిని దింపితే తలలు ఢీకొంటాయి, ఒకడి మోకాలి మీద ఇంకొకడు పడతాడు. పడగొట్టే విద్యకి మ్యాట్ మందం 40 మిల్లీమీటర్లుండాలి. 20 మిల్లీమీటర్ల జిగ్సా షీట్లు కిక్కులకి చాలుతాయి గానీ ఎత్తి పడేస్తే కింద సిమెంటు తగిలినట్టే ఉంటుంది. ఎంత మంచి మ్యాట్ వేసినా ముందు పడటం నేర్పాలి. గడ్డం గుండెకి ఆనించి, చెయ్యి ఒంటికి 45 డిగ్రీల్లో చాపి అరచేత్తో నేలను చరచాలి. పడుకుని, కూర్చుని, గొంతుక్కూర్చుని, ఆ తర్వాతే నిలబడి పడాలి. రెండు వారాలైనా ఇదే చేయించాలి. పడేటప్పుడు చెయ్యి నిటారుగా కింద ఆనించడం మనిషి సహజ గుణం. మణికట్టు, మోచెయ్యి, మెడకింది ఎముక విరిగేది దానివల్లే.

ఇక తామర, అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకునే చర్మరోగం. పాత తాలింఖానాల్లో (వ్యాయామశాలల్లో) గోదా మట్టిలో పసుపు, నూనె, మజ్జిగ కలిపేవారు. సాధనకి ముందు ఆ మట్టిని అందరూ కలిసి పారతో తిరగేసేవారు, ఒంటికి వేడి పుట్టించేదీ అదే. రబ్బరు మ్యాట్ వచ్చాక ఆ పని పోయింది, దాంతోపాటు శుభ్రం చేసేది ఎవరన్న ప్రశ్న మిగిలింది. చాలాచోట్ల తడిగుడ్డతో ఒకసారి తుడిచి వదిలేస్తారు, దాంతో తామర మ్యాటంతా పాకుతుంది. ముందు ఊడ్చి, సబ్బునీళ్ళతో తుడవాలి. చెమట, మట్టి పోకుండా మందు చల్లితే పనిచేయదు. తర్వాత 4–5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు నీళ్ళకి 20 మిల్లీలీటర్లు కలిపి పూసి, పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్ళతో తుడిచి ఆరబెట్టాలి. బాత్రూం యాసిడ్‌తో దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. కిటికీలు తెరిచే ఉంచాలి. ఈ పనికి మనిషిని జీతానికి పెట్టుకోవడం కంటే వంతులు వేసుకోవడమే మేలు. ఆ వంతుల్లో సీనియర్లూ మాస్టరూ ఉండాలి. మరుగుదొడ్డికి ఉత్తకాళ్ళతో వెళ్ళొచ్చి మ్యాట్ ఎక్కే అలవాటు కూడా, తుడిచేది తామే అయినప్పుడు దానంతటదే పోతుంది. గ్లోవ్స్‌ని సంచిలో కుక్కి తీసుకెళ్ళకుండా, చదివేసిన పేపరు ఉండచుట్టి లోపల పెట్టి గాలికి ఆరేస్తే చెమ్మ పీల్చేస్తుంది. మీ పత్రికకి ఈ ఉపయోగం కూడా ఉందని గమనించగలరు.

తామర వచ్చిన కుర్రాడు దాన్ని దాస్తాడు, పంపేస్తారన్న భయంతో. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు మూడు రోజుల్లో దురద, ఎర్రదనం తగ్గుతాయి, శిలీంధ్రం మాత్రం చర్మంలో పాకుతూనే ఉంటుంది. డాక్టరుకు చూపించే రాయాలి. ఒంటిమీద అయితే మందు మొదలెట్టిన మూడు రోజులు, తలలో అయితే మాత్రలు మొదలెట్టి రెండు వారాలు మ్యాట్ ఎక్కకూడదన్నది అమెరికా స్కూలు కుస్తీలో పాటించే నియమం. మనకీ అది పనికొస్తుంది. ఆ రోజుల్లో వాణ్ణి ఇంటికి తగలేయకుండా గంట కొట్టే పని, రౌండ్లు లెక్కపెట్టే పని ఇవ్వండి. అప్పుడు ఇంకొకడు దాచడు.

బరువు తగ్గించే పిచ్చి అన్నిటికంటే ప్రమాదం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల ఫైనల్ రోజు ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగి వినేశ్ ఫోగట్ అనర్హురాలైన సంగతి అందరికీ తెలుసు. అది చూసి మన పిల్లలు నేర్చుకున్నది 'ఇంకా గట్టిగా తగ్గాలి' అని. రేకుల షెడ్డులో, మే నెల ఉక్కపోతలో, ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెడతారు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కారిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. 1997లో అమెరికాలో ఇలా బరువు తగ్గిస్తూ ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు కొద్ది వారాల తేడాలో చనిపోయారు. ఆపైన అక్కడ నియమాలే మార్చారు. పిల్లలకి బరువు తగ్గించడం వద్దే వద్దు, తూగిన బరువులోనే ఆడించండి.

సాధనకి ముందూ తర్వాతా తూకం వేయడం ఒక మంచి అలవాటు. తగ్గినదంతా దాదాపు నీళ్ళే. 50 కిలోలవాడు కిలోకి మించి తగ్గితే మర్నాడు పని తగ్గించాలి. తగ్గిన ప్రతి కిలోకీ లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా కొన్ని గంటల్లో కొంచెం కొంచెంగా తాగించాలి. దీనికి రంగునీళ్ళ సీసాలు కొననక్కర్లేదు, ఉప్పేసిన మజ్జిగ, తరవాణి (పులిసిన గంజి), పల్చటి చోడంబలి (రాగి అంబలి) ఉన్నాయి. ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం ఉన్న శ్రీకాకుళం జిల్లావాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎవడైనా ఎండదెబ్బకి తిక్కతిక్కగా మాట్లాడితే, తూలితే, 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా నీళ్ళు కుమ్మరించి విసరాలి.

తలకి దెబ్బ తగిలాక కుర్రాడు 'బాగానే ఉన్నా' అన్నా నమ్మకండి. అడిగిందే అడగడం, తూలడం, వెలుగు చూడలేకపోవడం కనబడితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మగత ఉంటే నేరుగా ఆసుపత్రికి పోవాలి. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపల మెదడు కుదుపుని ఆపలేదు. బాక్సింగ్‌లో నాకౌట్ అయితే కనీసం 30 రోజులు రింగెక్కకూడదని నియమం. సెలక్షన్ దగ్గరపడిందని ఈ నియమాన్ని పక్కనబెట్టే మాస్టర్లున్నారు. ముక్కు నెత్తురు కారితే తల వెనక్కి వాల్చమంటారు, అదీ తప్పే. ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టాలి.

ఆడపిల్లల్ని పంపేవారు ఒక విషయం ముందే అడగాలి. కుస్తీ, జూడోలో ఒళ్ళు తగలక తప్పదు, కాబట్టి ఎవరితో జోడీ కట్టాలో అమ్మాయే చెప్పే వీలుందా? పట్టు చూపించేటప్పుడు మాస్టరు అమ్మాయి మీద చూపిస్తున్నాడా, ఇంకో అమ్మాయి చేత చూపిస్తున్నాడా? సాధన జరుగుతున్నంతసేపూ తలుపులు తీసి ఉంటాయా, తల్లిదండ్రులు కూర్చునే చోటుందా? పిల్లలకి పంపే మెసేజీ ఏదైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెడుతున్నారా? ఈ ప్రశ్నలకి చిరాకుపడే చోట చేర్చకండి. 2012 పోక్సో చట్టం జిమ్ములకీ వర్తిస్తుంది.

చివరగా మీ పత్రికకే ఒక విన్నపం. బాక్సింగ్‌లో తూకం పోటీ రోజు ఉదయమే ఉంటుంది. 2018 నుంచి కుస్తీలోనూ అంతే. జిల్లా సెలక్షన్ల వార్త వేసేటప్పుడు తేదీ, స్టేడియం పేరు వేస్తారు, తూకం ఎన్నింటికో వేయరు. పాలకొండ నుంచో ఇచ్ఛాపురం నుంచో తొలి బస్సుకి వచ్చే కుర్రాడు ముందురోజు మధ్యాహ్నం నుంచే తిండీ నీళ్ళూ మానేసి, పదింటిదాకా లైన్లో నిలబడతాడు. తూకం సమయం, బరువు విభాగాలు కూడా అదే వార్తలో ఒక వాక్యంగా వేయించగలరని కోరుతున్నాం.

— బాక్సింగ్, జూడో, కుస్తీ నేర్పే కొందరు శిక్షకులు, విజయనగరం